ప్రాథమిక డేటా టైపులు

ప్రోగ్రామింగ్ భాషలో ముందే సిద్ధంగా ఉండే విలువల రకాలు. ఒక విలువకు ఎంత మెమరీ కేటాయించాలో, దానిపై ఏ చర్యలు చెల్లుతాయో టైపే నిర్ణయిస్తుంది. జావాలో ఇవి ఎనిమిది: బైట్, షార్ట్, ఇంట్, లాంగ్, ఫ్లోట్, డబుల్, చార్, బూలియన్.

పూర్ణాంకాలకు ఎక్కువగా వాడే ఇంట్ 32 బిట్లది. గరిష్ఠ విలువ 214,74,83,647. తొమ్మిదితో మొదలయ్యే పదంకెల మొబైల్ నంబరు అందులో పట్టదు. లాంగ్‌లో పడుతుంది కానీ, కూడికలు, తీసివేతల పనిలేని సంఖ్యను స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరుసగా దాచడమే మేలు. వాహన రిజిస్ట్రేషన్‌లో ఆదిలాబాద్ కోడ్ 01, కరీంనగర్‌ది 02. ఇంట్‌లో పెడితే ముందున్న సున్నా కాస్తా పోతుంది.

చిక్కంతా అక్షరాన్ని దాచే చార్‌తోనే. దాని 16 బిట్లలో 0 నుంచి 65,535 దాకానే పడుతుంది. తెలుగు ‘అ’ యూనికోడ్ సంఖ్య 3077 కాబట్టి మనకు ఇబ్బంది లేదు. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాలలో దొరికిన రాతప్రతుల వల్ల వెలుగులోకి వచ్చిన గుంజాల గోండి లిపి సంగతి వేరు. 2018లో యూనికోడ్ 11.0లో చేరిన ఈ లిపిలో ‘అ’ సంఖ్య 73,056. దానికి రెండు చార్‌లు కావాలి. ఆ ఒక్క అక్షరమే ఉన్న స్ట్రింగ్ పొడవు అడిగితే జావా 2 అంటుంది! గోండి పాఠంతో పనిచేసే ప్రోగ్రాములో చార్‌లను కాక కోడ్ పాయింట్లను, అంటే యూనికోడ్ సంఖ్యలను లెక్కించాలి.