రైడేల్ డిస్ట్రిక్ట్ కౌన్సిల్

ఇంగ్లండ్‌లోని నార్త్ యార్క్‌షైర్ కౌంటీలో 1974 నుంచి 2023 వరకు పనిచేసిన గ్రామీణ స్థానిక పాలన సంస్థ. 1972 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం కింద ఏర్పడింది. ప్రధాన కార్యాలయం మాల్టన్‌లో ఉండేది. నార్టన్, పికరింగ్, హెల్మ్స్‌లీ, కర్బీమూర్‌సైడ్ తక్కిన సంత పట్టణాలు. మిగతాదంతా పల్లెలూ పొలాలే. 1996లో యార్క్ నగర శివారు గ్రామాలు కొన్ని దీని నుంచి విడిపోయి ఆ నగరంలో కలిశాయి.

అధికారాలు రెండంచెలుగా ఉండేవి. ఇంటి ముందు చెత్త ఎత్తేది డిస్ట్రిక్ట్ కౌన్సిల్, ఆ చెత్తను వదిలించుకోవాల్సింది కౌంటీ కౌన్సిల్. కౌన్సిల్ పన్ను వసూలు చేసేది డిస్ట్రిక్టే అయినా అందులో పెద్ద వాటా కౌంటీకి పోయేది. బడులు, రోడ్లు, వృద్ధుల సంరక్షణ కౌంటీ చేతిలో ఉండేవి. ఇళ్ల నిర్మాణ అనుమతులు డిస్ట్రిక్ట్ ఇచ్చేది, కానీ నార్త్ యార్క్ మూర్స్ జాతీయ ఉద్యానవనం పరిధిలోని ఊళ్లకు ఆ అనుమతి ఉద్యానవన సంస్థ నుంచే రావాలి. ఈ పంపకం ప్రజలను నిర్ణయాలకు ఎంత దూరం పెట్టిందో కర్బీ మిస్పర్టన్ ఉదంతం చెబుతుంది. ఆ ఊరి దగ్గర ఫ్రాకింగ్ పద్ధతిలో గ్యాస్ తీయడానికి 2016 మేలో అనుమతి ఇచ్చింది కౌంటీ కౌన్సిల్. ఖనిజాల విషయం దాని పరిధిలో ఉండేది. స్థానికుల నుంచి తీవ్ర వ్యతిరేకత వచ్చినా నిర్ణయం మాల్టన్‌లో జరగలేదు.

చివరి ఏళ్లలో కౌన్సిల్‌లో 30 మంది సభ్యులుండేవారు. 2023 ఏప్రిల్ 1న కౌంటీలోని ఏడు డిస్ట్రిక్టులూ రద్దయి, 90 మంది సభ్యుల నార్త్ యార్క్‌షైర్ కౌన్సిల్ ఒక్కటే మిగిలింది. పట్టణ, పారిష్ కౌన్సిళ్లు మాత్రం కొనసాగుతున్నాయి.