చార్జి అప్పగింతలో చేరని ఫైళ్లు

సెంట్రల్ సెక్రటేరియట్ మెట్రో మెట్లెక్కి పైకొస్తారు. జనవరి పొగమంచు ఇంకా విడలేదు. జన్‌పథ్ వైపు నడుస్తుంటే నేషనల్ ఆర్కైవ్స్ స్తంభాలు ఒక్కొక్కటీ మంచులోంచి బయటపడతాయి. 1891లో కలకత్తాలో ఇంపీరియల్ రికార్డ్ డిపార్ట్‌మెంట్‌గా మొదలైన సంస్థ ఇది. లుటియెన్స్ గీసిన ఈ భవనం 1926లో పూర్తయింది. చెదలతో, తేమతో ఎలా పోరాడాలో ఇక్కడివాళ్లకు తరాలుగా తెలుసు. మీరు వెళ్తున్న క్లాసు చెదలు పట్టని రికార్డుల గురించి.

కాస్త అవతల ఒక ప్రభుత్వ భవనంలో మీటింగ్ హాలు. హీటరు దగ్గరి కుర్చీలు అప్పటికే నిండిపోయాయి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది సెక్షన్ ఆఫీసర్లు, ఒకరిద్దరు లైబ్రేరియన్లు. 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వంలోని ప్రతి కార్యాలయం ఒక రికార్డ్స్ ఆఫీసర్‌ను పెట్టుకోవాలి. కంప్యూటర్‌లో పుట్టినదీ రికార్డేనని ఆ చట్టం అప్పుడే చెప్పింది. మన దేశంలో సామాన్యుడికి ఇంటర్నెట్ రాకముందే అంత ముందుచూపు చూపించారంటే మెచ్చుకోవాలి.

"మీరు మనవాళ్లేనా అండీ?" పక్క కుర్చీలోంచి తెలుగు. అనంతపురం ఆవిడ, ఢిల్లీలో చాలా ఏళ్లుగా ఉద్యోగం.

పాఠం చెప్పే ఆయన నోట్‌ప్యాడ్‌లో ఒక్క వాక్యం కొట్టి సేవ్ చేస్తారు. షా-256 అనే లెక్క నడిపిస్తారు. తెర మీద 64 అక్షరాలూ అంకెలూ వరసగా వస్తాయి. వాక్యం చివర ఒక చుక్క పెట్టి మళ్లీ నడిపిస్తారు. ఇప్పుడొచ్చిన వరసకీ పాతదానికీ పోలికే లేదు. ఫైలు చేరిన రోజునే ఈ వరసను రాసిపెట్టుకోవాలి, గడువు ప్రకారం మళ్లీ తీసి సరిచూడాలి. తేడా వస్తే ఫైలు మారిందని అర్థం, వేరేచోట ఉన్న మంచి కాపీతో దాన్ని సరిచేయాలి. ఢిల్లీ భూకంపాల ముప్పున్న ఊరు కాబట్టి ఆ రెండో కాపీ ఇదే ఊళ్లో ఉంటే లాభం లేదు.

"మరి ఫైలు చెక్కుచెదరకపోయినా తెరుచుకోకపోతే?" అనంతపురం ఆవిడ అడుగుతూనే పెన్‌డ్రైవ్ అందిస్తారు. అందులో ఆవిడ చేతిమీదుగా వెలువడిన ఒక తెలుగు సంఘం సావనీరు ఉంది. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కట్టింది. ఎలాగో తెరిస్తే తెర నిండా ఇంగ్లిష్ అక్షరాలు, కొక్కేలు, డాలరు గుర్తులు. ఒక్క తెలుగు అక్షరం లేదు. ఆ ఫాంట్లు తెలుగు ముక్కల్ని ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టాయి. ఫాంటు లేకపోతే ఆ స్థానాలే మిగులుతాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది, అయినా మన పత్రికలు, పుస్తకాలు చాలాకాలం ఇలాగే అచ్చయ్యాయి. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత పెద్ద వెర్షనే లేదు. ఎన్ని వందల తెలుగు పుస్తకాలు ఇలా డీటీపీ సెంటర్ల డిస్కుల్లో మూగబోయి ఉన్నాయోనని మీకు గుండె కలుక్కుమంటుంది.

టీ అయ్యాక అసలు సంగతికొస్తారు. 2017లో ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం వారి నేషనల్ కల్చరల్ ఆడియోవిజువల్ ఆర్కైవ్స్‌కు నమ్మదగిన డిజిటల్ భాండారాలకిచ్చే ఐఎస్‌ఓ 16363 సర్టిఫికెట్ వచ్చింది. ప్రపంచంలో ఆ గుర్తింపు పొందిన మొదటి డిజిటల్ భాండారం అదే. ఆ ప్రమాణంలో మూడు భాగాలున్నాయి. సర్వర్లూ భద్రతా మూడో భాగంలో వస్తాయి, రెండోది ఫైళ్ల సంరక్షణ గురించి. మొట్టమొదటిది సంస్థ గురించే. బాధ్యత ఎవరిది? వచ్చే ఏళ్లకు డబ్బు ఎక్కడిది? సంస్థే మూతపడితే సేకరణ ఎవరి చేతికి వెళ్తుంది?

హాలు ఒక్కసారిగా కదులుతుంది. స్కానింగ్‌కు ఒకసారి టెండరు పిలిచి, బిల్లు పాస్ చేసి, డిస్కులు బీరువాలో పెట్టి తాళం వేసినవాళ్లే ఇక్కడ ఎక్కువ. మీక్కూడా కోపం వస్తుంది, ఆ మనుషుల మీద కాదు. వాళ్లకు బదిలీ రాగానే బీరువా తాళంచెవి చార్జి జాబితాలో ఎక్కుతుంది, డిస్కులో ఏముందో ఎక్కదు. ఏటా అయ్యే ఖర్చుకు బడ్జెట్‌లో పద్దు ఉండదు. జనం డబ్బుతో తీసిన స్కాన్లు ఇలా పోవడం ఏ అగ్నిప్రమాదానికీ తక్కువ నష్టం కాదు.

మధ్యాహ్నం అందరి చేతా చార్జి అప్పగింత నోటు రాయిస్తారు. ఫైళ్లు ఏ రూపంలో ఉన్నాయి, ఏ సాఫ్ట్‌వేర్ కావాలి, కాపీలు ఎక్కడెక్కడ, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర, మళ్లీ సరిచూడాల్సిన తేదీ ఏది, వచ్చే ఏడాది పద్దు ఎంత. ఆ చివరి గడి దగ్గర పెన్నులు ఆగుతాయి. "ఉజ్జాయింపుగానైనా వేయండి, ఖాళీ వదిలితే సున్నా ఇస్తారు" అంటారాయన.

అనంతపురం ఆవిడ మొదటి గడి దగ్గరే ఆగి, వరండాలోకి వెళ్లి విజయవాడకు ఫోన్ కలుపుతారు. సావనీరు కట్టిన డీటీపీ ఆయనకి.

"ఆ పాత సిస్టమ్ ఇంకా నడుస్తోందా అండీ?"

"నడుస్తోందమ్మా. పీడీఎఫ్ తీసి పంపేదా?"

"పీడీఎఫ్ పంపండి, ఒరిజినల్ ఫైలూ పంపండి. అను ఏ వెర్షనో, ఏయే ఫాంట్లు వాడారో ఒక కాగితం మీద రాసి మీ సంతకం పెట్టి పంపండి. ఆ సిస్టమ్ మాత్రం నేను చెప్పేదాకా ఎవరికీ ఇచ్చేయకండి."