గెయిటీ హాలు కట్టిన తెలుగాయన

మీ పేటలో ఓ పాత సినిమా హాలు ఉండే ఉంటుంది. లేకపోతే ఒకప్పుడు ఉండేది. హాలు పోయినా సరే, రిక్షావాడికి దారి చెప్పాలంటే పెద్దవాళ్ళు దాని పేరే చెప్తారు. అలాంటి హాళ్ళన్నిటికీ ముత్తవ్వ లాంటిది మద్రాసులో ఒకటుండేది. దాని పేరు గెయిటీ. మౌంటురోడ్డుకు పక్కనే, బ్లాకర్స్ రోడ్డులో ఉండేది. 1914లో దాన్ని కట్టించినాయన మచిలీపట్నంలో పుట్టిన మన రఘుపతి వెంకయ్యనాయుడుగారు.

ఆయన వృత్తి ఫోటోలు తీయడం. మద్రాసులో స్టూడియో పెట్టి బాగానే నిలదొక్కుకున్నారు. 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం ఆయన కంటబడింది. తెరమీద బొమ్మ కదులుతూంటే, పక్కన గ్రామఫోను ప్లేటు దానికి సరిగ్గా మాట కలుపుతుంది. టాకీలు రావడానికి ఇరవై ఏళ్ళ ముందు మాట సుమండీ! దాని ఖరీదు 30 వేల రూపాయలు. అప్పట్లో ఇంగ్లీషు బంగారు కాసు 15 రూపాయలు, అంటే రెండువేల కాసులన్నమాట. స్టూడియోను తాకట్టు పెట్టి మరీ తెప్పించారు. ఆయన ధైర్యాన్ని అందరూ మెచ్చుకుంటారు గాని, ఆ ఇంటి ఇల్లాలి గుండె ఎంతలా కొట్టుకుందో మనకి ఒకరు చెప్పాలా?

మొదట విక్టోరియా పబ్లిక్ హాల్లో ఆడించారు. తర్వాత డేరా వేశారు. ఆ డేరాతోనే బెంగుళూరు, బెజవాడ, సింహళం, బర్మా తిరిగొచ్చారు. డేరా అంటే గాలివానకి భయం, ఊరూరా సామాను మోత. అందుకే స్థిరంగా ఓ కప్పు కావాలనుకున్నారు. అలా లేచింది గెయిటీ. మద్రాసులో మనదేశస్థుడు కట్టిన మొదటి సినిమా హాలు అదే. కోయంబత్తూరులో విన్సెంటుగారి వెరైటీ హాలుదీ దాదాపు అదే కాలం కాబట్టి, దక్షిణదేశం మొత్తానికి ఎవరు ముందన్న వాదులాట ఉంది. మనకెందుకా పేచీ!

ఆ రోజుల్లో వేసేవి ఎక్కువగా విదేశీ మూకీ చిత్రాలే. తెరమీద ఇంగ్లీషు అక్షరాలు పడగానే, వాటి అర్థం గట్టిగా అరిచి చెప్పే మనిషొకడు హాళ్ళలో ఉండేవాడు. తెర ముందు హార్మోనియం, తబలా. ఆడవాళ్ళకి వేరే చోటు. సంసారులు హాలు గడప తొక్కడమే పెద్ద విషయమైన కాలమది.

గెయిటీ తర్వాత క్రౌన్, గ్లోబ్ హాళ్ళు కూడా వెంకయ్యగారు కట్టారు. కొడుకు ప్రకాశ్‌ను సినిమా విద్య నేర్చుకు రమ్మని సీమకు పంపారు. 1921లో ఆ తండ్రీ కొడుకులు 'భీష్మప్రతిజ్ఞ' తీశారు. మన ఆడపిల్లలు ముఖానికి రంగు వేసుకోవడానికి ముందుకు రాని రోజులు కనక, గంగ వేషం ఓ ఆంగ్లో ఇండియన్ అమ్మాయి వేసింది. ప్రకాశ్ దగ్గర పని నేర్చుకున్న సి. పుల్లయ్యగారే 1934లో 'లవకుశ' తీశారు. మన అమ్మమ్మలు బళ్ళు కట్టించుకుని వెళ్ళి, కళ్ళు తుడుచుకుంటూ చూసిన సినిమా అది.

వెంకయ్యగారికి మాత్రం హాళ్ళు దక్కలేదు. అప్పుల కింద చేతులు మారిపోయాయి. 1941లో ఆయన కన్నుమూశారు. 1980లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సినిమావారికిచ్చే బహుమతి ఒకదానికి ఆయన పేరు పెట్టింది. గెయిటీ చాలాకాలం ఆడింది గాని, చివరికి దాన్నీ పడగొట్టేశారు.

విచిత్రమేమిటంటే, అంతకు ఏడాది ముందు 1913లో వార్విక్ మేజర్ అనే దొర అదే మౌంటురోడ్డులో కట్టిన ఎలక్ట్రిక్ థియేటరు నిక్షేపంలా నిలిచి ఉంది. రెండేళ్ళకే మూతపడితే తపాలాశాఖ తీసుకుంది. సర్కారు ఆస్తి కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు. మద్రాసు వెళ్ళినప్పుడు మౌంటురోడ్డు పోస్టాఫీసు ఆవరణలోకి తొంగి చూడండి. ఇంట్లో బిళ్ళలు పోగుచేసే పిల్లలుంటే వెంట తీసుకెళ్ళండి, తపాలా బిళ్ళల విభాగం ఆ పాత హాల్లోనే పెట్టారు.