రాదనుకున్న కాలేజీని పైన రాయొచ్చా?

ఎంసెట్ ర్యాంకులొచ్చాక (2021 నుంచి మన ఆంధ్రాలో దాని పేరు ఈఏపీసెట్ లెండి, అయినా నోట్లో ఎంసెటే తిరుగుతుంది) మా నగరి వైపు ప్రతి ఇంట్లో ఒక కాగితానికి విపరీతమైన గౌరవం వస్తుంది. పోయినేడాది ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ఆగిపోయిందో చెప్పే పట్టిక, అదే లాస్ట్ ర్యాంకుల లిస్టు. మరమగ్గం నడుపుకునే ఇల్లయినా, టీచరు గారి ఇల్లయినా, అందరూ దాని మీద పెన్నుతో గీతలు గీసేవాళ్ళే. ఇప్పుడు ఆ కాగితం ఫోన్‌లోకెక్కి 'కాలేజ్ ప్రిడిక్టర్' అయింది. అంతే తేడా.

ఈమధ్య మా చుట్టాల కుర్రాడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, నాకిష్టమైన కాలేజీ పోయినేడు మన ర్యాంకు కంటే చానా ముందే ఆగిపోయిందంట. దాన్ని పైన రాస్తే ఒక ఆప్షన్ వేస్టంట, కింద వచ్చే సీటు కూడా పోతాదంట. తీసేసేదా?" అన్నాడు.

ఈ ప్రశ్నకి సమాధానం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ ఈ భయం ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే కాస్త చరిత్ర తిరగేయాలి.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో మన రాయలసీమ పిల్లాడికి ఇంజనీరింగ్‌లో 'ఏది ఎంచుకోవాలి' అనే సమస్యే లేదు. ఎంచుకోవడానికి ఉంటే కదా! అనంతపురం కాలేజీ 1946లో మద్రాసు గిండీలో మొదలై, 1948లో అనంతపురానికి వచ్చింది. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో పెట్టారు, దాని ఇంజనీరింగ్ కాలేజీ 1959లో వచ్చింది. ఉన్నవే ఒకటీ రెండూ, మార్కులుంటే సీటు, లేకపోతే లేదు. ముందుగా అంచనా వేసుకుని లిస్టు రాయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

తర్వాత పెద్ద మార్పు 1973లో. తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాల తర్వాత ఆరు సూత్రాల పథకం, దాని వెంట రాజ్యాంగంలో 371-డి అధికరణం, 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. రాష్ట్రాన్ని విద్య కోసం మూడు లోకల్ ఏరియాలు చేశారు: ఆంధ్రా, ఉస్మానియా, శ్రీ వెంకటేశ్వర. నాలుగు సీమ జిల్లాలూ, నెల్లూరూ కలిపి ఎస్వీయూ ఏరియా. ఏ ఏరియా కాలేజీలో అయినా 85 శాతం సీట్లు ఆ ఏరియా వాళ్ళకే. రాష్ట్రస్థాయి సంస్థల్లో అయితే ఆంధ్రా, ఉస్మానియా, ఎస్వీయూలకి 42:36:22 నిష్పత్తి. అంటే అప్పటినుంచి 'నా ర్యాంకుకి ఏమొస్తుంది' అనే ప్రశ్నకి ర్యాంకు ఒక్కటే సమాధానం చెప్పదు. ఎక్కడ చదివావు, ఏ కేటగిరీ, అబ్బాయా అమ్మాయా, ఇవన్నీ కలిస్తేనే సమాధానం. ఒకే ర్యాంకున్న నగరి పిల్లకీ గుంటూరు పిల్లకీ వచ్చే సీట్లు వేరు. లాస్ట్ ర్యాంకుల పట్టికలో అన్నేసి గళ్ళు ఉండటానికి ఇదే కారణం.

1983లో రాష్ట్రం క్యాపిటేషన్ ఫీజుని నిషేధిస్తూ చట్టం చేసింది. 80ల్లోనే ఉమ్మడి ప్రవేశపరీక్షగా ఎంసెట్ స్థిరపడింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు కాలేజీల్లో ఫ్రీ సీట్లు, పేమెంట్ సీట్లు అని విభజించింది. 90ల చివరికొచ్చేసరికి కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి.

ఆ రోజుల్లో కౌన్సెలింగ్ ఎలా జరిగేదో మన సీనియర్లని అడగండి. ర్యాంకుల వరసలో తేదీలిచ్చి పిలిచేవారు. నాన్నతోనో మామతోనో బస్సెక్కి వెళ్ళి, సర్టిఫికెట్లు చూపించి, నీ వంతు వచ్చినప్పుడు మిగిలిన సీట్లు చూసి ఒకటి కోరుకోవాలి. టెన్షన్ మామూలుగా ఉండేది కాదు. కానీ ఒక సుఖం ఉండేది: అంచనాతో పనిలేదు. ఏం మిగిలాయో కళ్ళ ముందే ఉండేది. ఇష్టమైనది ఖాళీ ఉంటే తీసుకుంటావు, లేకపోతే దాని తర్వాతది. 'ఇది రాదేమో' అని ఖాళీగా ఉన్న మంచి సీటుని వదిలేసి కింది సీటు అడిగినవాడు ఎవడూ ఉండడు కదా!

2000ల చివర్లో వెబ్ కౌన్సెలింగ్ వచ్చింది. బస్సు ప్రయాణం తప్పింది, ఇంటర్నెట్ సెంటర్ ముందు క్యూ వచ్చింది. కుర్చీలో మనిషి బదులు మనం ముందే రాసిచ్చిన లిస్టు కూర్చుంటుంది. నిజంగా మారింది అదొక్కటే. కంప్యూటర్ ర్యాంకుల వరసలో ఒక్కో అభ్యర్థిని తీసుకుంటుంది, అతని లిస్టు పైనుంచి కిందకి చదువుతుంది, అతనికి అర్హత ఉన్న ఖాళీ సీటు మొదట ఎక్కడ తగిలితే అది ఇచ్చేసి తర్వాతి ర్యాంకుకి వెళ్తుంది. మన భాషలో చెప్పాలంటే ఒక ఫర్ లూప్‌లో ఇంకో ఫర్ లూప్, సీటు దొరకగానే బ్రేక్.

ఇప్పుడు ఆలోచించండి. పైన రాసిన కాలేజీ రాకపోతే లూప్ ఒక లైను కిందకి జరుగుతుంది. నీ వంతు పోదు, నీ తర్వాతి ర్యాంకువాడు మధ్యలో దూరడు. ఆప్షన్ల సంఖ్యకి పరిమితి కూడా లేదు. మరి 'వేస్ట్' అయ్యేది ఏంటి? మౌసు క్లిక్కు తప్ప ఏమీ లేదు. కానీ పైన రాయకుండా వదిలేసి, ఆ ఏడాది అదృష్టవశాత్తూ అక్కడ సీటు మిగిలితే? అది నీ కంటే వెనకున్నవాడికి వెళ్ళిపోతుంది, నువ్వు అడగలేదు కాబట్టి.

మరి ఈ భయం ఊరికే పుట్టిందా? లేదు. అంచనా నిజంగానే ప్రాణం తీసే పద్ధతులు ప్రపంచంలో ఉన్నాయి. ఇంగ్లండ్‌లో 1961లో యూకా అనే ఉమ్మడి దరఖాస్తు సంస్థ వచ్చింది, 1993లో అది యూకాస్ అయింది. అక్కడ ఏ-లెవెల్ ఫలితాలు రాకముందే, టీచర్లు ఊహించిన గ్రేడ్లతో అప్లై చేయాలి. ఎంపికలు ఐదే. ఆఫర్లు వచ్చాక ఒకటి ఖాయంగా, ఇంకొకటి జాగ్రత్త కోసం పెట్టుకుంటారు. ఐదూ ఆశకొద్దీ రాస్తే ఏదీ రాకపోవచ్చు, ఐదూ భయంతో రాస్తే నీ స్థాయికి తక్కువ చోట పడతావు. పైగా ఆ ఊహ ఎంత కరెక్టు? 2016లో గిల్ వైనెస్ చేసిన అధ్యయనంలో అంచనా సరిగ్గా నిజమైంది 16 శాతం మందికే. 2020లో కోవిడ్ వల్ల పరీక్షలే లేకపోయేసరికి అల్గారిథంతో గ్రేడ్లు ఇచ్చారు. టీచర్ల అంచనాల్లో దాదాపు 40 శాతం కిందకి దిగాయి. పిల్లలు రోడ్డెక్కారు, ఆగస్టు 13న ఇచ్చిన ఫలితాల పద్ధతిని 17న వెనక్కి తీసుకున్నారు.

అమెరికాలో బోస్టన్ నగరం బడి సీట్లకి ఇంకో రకం పద్ధతి వాడేది. మొదటి ఎంపికగా రాసినవాళ్ళకి ముందు సీట్లు, రెండో ఎంపికవాళ్ళకి మిగిలినవి. అక్కడ రాని బడిని పైన రాస్తే నిజంగానే నష్టం. ఆర్థికవేత్తలు ఈ లోపం ఎత్తిచూపాక 2005లో దాన్ని మార్చారు. బదులుగా వచ్చిన పద్ధతికి మూలం 1962లో గేల్, షాప్లీ రాసిన పేపరు. ఐఐటీ, ఎన్ఐటీల సీట్లకి 2015లో మొదలైన జోసా కూడా ఆ కోవలోదే. షాప్లీకి, ఈ సిద్ధాంతాన్ని ఆచరణలోకి తెచ్చిన రాత్‌కి 2012లో నోబెల్ ఇచ్చారు.

మా నగరి వాళ్ళకి ఇంకో అయోమయం కూడా ఉంది. పక్కనే తిరుత్తణి. 1960 ఏప్రిల్ 1 దాకా అది కూడా చిత్తూరు జిల్లానే, సరిహద్దుల మార్పులో మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. అక్కడి పిల్లలు 'కటాఫ్ ఎంత' అంటారు, మనవాళ్ళు 'ర్యాంకెంత' అంటారు. తమిళనాడు 2007 నుంచి ఇంజనీరింగ్‌కి ఎంట్రన్స్ తీసేసి, లెక్కలకి 100, ఫిజిక్స్, కెమిస్ట్రీలకి చెరో 50, మొత్తం 200కి కటాఫ్ కడుతుంది. రెండు రాష్ట్రాల చుట్టాలూ ఒక పెళ్ళిలో కలిస్తే ఇద్దరి సలహాలూ కలిసిపోయి పిల్లాడి బుర్ర ఉడికిపోతుంది. ఒక పద్ధతిలో నేర్చుకున్న జాగ్రత్త ఇంకో పద్ధతిలో పనికిరాదని ఎవరూ చెప్పరు.

అయితే లాస్ట్ ర్యాంకుల పట్టిక చించేయాలా? వద్దు. దాని పని లిస్టు పైభాగంలో కాదు, కిందిభాగంలో. లిస్టు ఎంత పొడుగు రాస్తే ఖాళీ చేతులతో మిగలమో అది చెబుతుంది. అంచనా కాస్త తప్పుతుందనుకుని ఇంకొన్ని కాలేజీలు కిందకి చేర్చాలి. ఎందుకంటే పోయినేడాది పట్టిక పోయినేడాది లోకానిది. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది, 2015 నుంచి తెలంగాణ ఎంసెట్ వేరైంది. దాంతో 2014లో 20,000 ర్యాంకు, 2015లో 20,000 ర్యాంకు ఒకటి కావు. ఎన్నో ఏళ్ళు ర్యాంకులో 25 శాతంగా ఉన్న ఇంటర్ మార్కులని 2021లో కోవిడ్ వల్ల పక్కన పెట్టారు. విభజన చట్టం పదేళ్ళు కాపాడిన ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్‌లో ముగిసింది. ఇలాంటి ప్రతి మలుపులో పాత పట్టిక నమ్మి పైన కొట్టేసుకున్నవాళ్ళు ఉండే ఉంటారు.

రెండు జాగ్రత్తలు మాత్రం నిజమైనవే. ఒకటి, వచ్చినా చేరను అనుకునే కాలేజీని అసలు రాయొద్దు. రెండు, తర్వాతి విడతలో మళ్ళీ ఆప్షన్లు ఇచ్చి కొత్త సీటు వస్తే పాతది దానంతటదే రద్దవుతుంది. కాబట్టి అప్పుడు చేతిలో ఉన్నదానికంటే ఇష్టమైనవి మాత్రమే రాయాలి.

కుర్రాడికి ఇదే చెప్పాను: "రేయ్, వరస నీ ఇష్టం ప్రకారం రాయి. పొడుగు మాత్రం లాస్ట్ ర్యాంకులు చూసి రాయి." "అంటే తీసేయొద్దా అన్నా?" అన్నాడు. వద్దురా అబ్బీ. రాదని చెప్పాల్సింది కంప్యూటరు, నువ్వు కాదు.

మీ ఇళ్ళల్లో ఆప్షన్లు రాసే పిల్లలుంటే ఈ మాట చెప్పండి. ఇంగ్లీషులో అయితే ఈ విషయం మీద బోలెడు పేపర్లున్నాయి, కానీ నగరిలో మగ్గం దగ్గర కూర్చున్న నాన్నకి అవి చేరవు. మనం చెబితేనే చేరుతుంది.