హాకీ ఫార్వర్డ్‌లు: ధ్యాన్‌చంద్ నుంచి ధన్‌రాజ్ దాకా

హాకీలో ముందువరుసన ఆడుతూ గోల్ కొట్టే బాధ్యతను ప్రధానంగా మోసే ఆటగాళ్లను ఫార్వర్డ్‌లు అంటారు. భారత పురుషుల జట్టులో మేటి ఫార్వర్డ్ ఎవరన్న చర్చలో తరచూ వినబడే పేర్లు నాలుగు: ధ్యాన్‌చంద్ (1905–1979), బల్బీర్ సింగ్ సీనియర్ (1923–2020), మహమ్మద్ షాహిద్ (1960–2016), ధన్‌రాజ్ పిళ్లై (జననం 1968). ఆట పేరు ఒకటే అయినా, వీరు ఆడిన మైదానాలు వేరు, నియమాలు వేరు.

సెంటర్ ఫార్వర్డ్ ధ్యాన్‌చంద్ 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో 5 మ్యాచ్‌లాడి 14 గోల్స్ కొట్టాడు. 1932 లాస్ ఏంజెలిస్‌లో భారత్ అమెరికాను 24–1తో ఓడించింది. అందులో ఆయన 8, తమ్ముడు రూప్‌సింగ్ 10 గోల్స్ చేశారు. అయితే ఆ పోటీకి వచ్చినవి మూడే జట్లు. ఆయన గొప్పతనానికి ఆ 24 గోల్స్‌ను సాక్ష్యంగా తేవడం ఆయనకే అన్యాయం. అంతకన్నా బలమైన సాక్ష్యం 1936 బెర్లిన్ ఫైనల్. ఒలింపిక్స్‌కు ముందు సన్నాహక మ్యాచ్‌లో భారత్‌ను ఓడించిన జర్మనీయే అక్కడ ప్రత్యర్థి. వాన వల్ల ఒక రోజు ఆలస్యంగా, ఆగస్టు 15న ఆట జరిగింది. భారత్ 8–1తో గెలిచింది.

ఆ కాలపు ఆఫ్‌సైడ్ నియమం తెలియకుండా ఈ గోల్స్ విలువ తెలియదు. పాస్ అందుకునే ఫార్వర్డ్‌కూ గోల్ గీతకూ మధ్య ప్రత్యర్థులు కనీసం ముగ్గురు ఉండాలి. గోల్ పక్కన కాచుకు కూర్చొని, వచ్చిన బంతిని లోపలికి తోసేయడం కుదరదు. అందుకే అప్పటి అయిదుగురు ఫార్వర్డ్‌లు బంతిని చిన్న చిన్న పాస్‌లతో అల్లుకుంటూ ముందుకు సాగేవారు. 1972లో ముగ్గురు కాస్తా ఇద్దరయ్యారు. 1990ల చివరికి ఆ నియమమే పోయింది.

బల్బీర్ సింగ్‌ది ముగింపు పని. గోల్ ముందుండే అర్ధవృత్తమైన డీలోకి బంతి వచ్చిందంటే ఆలస్యం చేయడు. 1952 హెల్సింకీ ఫైనల్లో నెదర్లాండ్స్‌పై భారత్ కొట్టిన 6 గోల్స్‌లో 5 ఆయనవే. 1948, 1956 స్వర్ణాలు గెలిచిన జట్లలోనూ ఆయన ఉన్నాడు.

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో తొలిసారి కృత్రిమ గడ్డి పరిచారు. మామూలు పచ్చికపై బంతి ఎటు ఎగురుతుందో చెప్పలేం కాబట్టి, దాన్ని స్టిక్‌తో ఆపి లొంగదీసుకునే నేర్పుకు అక్కడ పెద్ద విలువ. కొత్త మైదానంపై బంతి నునుపుగా, వేగంగా దొర్లుతుంది. పరుగు, ఊపిరి, బలం ముందుకొచ్చాయి. స్టిక్ పనితనం వెనక్కు జరిగింది.

ఆ మార్పు నడుమ వచ్చినవాడు వారణాసి కుర్రాడు షాహిద్. బంతి స్టిక్‌కు అతుక్కున్నట్టే ఉండేది. డిఫెండర్లను డ్రిబ్లింగ్‌తో ఒకరి తర్వాత ఒకరిని దాటేసేవాడు. ఆయన ఆడిన 1980 మాస్కో ఒలింపిక్స్‌లో భారత్ స్పెయిన్‌ను 4–3తో ఓడించి స్వర్ణం గెలిచింది. పశ్చిమ జర్మనీ, నెదర్లాండ్స్, పాకిస్తాన్ బహిష్కరణతో దూరంగా ఉన్నందున ఆ పతకాన్నీ లాస్ ఏంజెలిస్ స్వర్ణంలాగే కొంత తగ్గించి లెక్కగట్టాలి. షాహిద్ స్టిక్ పనితనానికి మాత్రం ఆ తగ్గింపు వర్తించదు. కేవలం బంతిపై పట్టు చూస్తే, ధ్యాన్‌చంద్ పక్కన నిలబెట్టదగినవాడు ఈ నలుగురిలో ఆయనే.

ధన్‌రాజ్ ఆయుధం వేగం. నాలుగు ఒలింపిక్స్, నాలుగు ప్రపంచ కప్‌లు ఆడి, 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కెప్టెన్‌గా స్వర్ణం తెచ్చాడు. 1966 తర్వాత ఆ క్రీడల హాకీలో భారత్‌కు అదే తొలి స్వర్ణం. 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లో ఆయనతో కలిసి ఆడిన హైదరాబాదీ ముకేశ్ కుమార్‌కు ఈ చర్చల్లో దక్కాల్సినంత చోటు దక్కలేదు. ధన్‌రాజ్‌కు ఒలింపిక్ పతకం లేదు. ఆ లోటును ఆయన ఖాతాలో రాయడం సరికాదు, అప్పటికి భారత జట్టే వెనకబడింది.

గోల్స్ లెక్కతో తరాలను కొలవడం నేడు మరింత కష్టం, ఎందుకంటే డీలో ప్రత్యర్థి తప్పు చేస్తే దక్కే పెనాల్టీ కార్నర్‌ను, బంతిని స్టిక్‌తో లాగి విసిరే డ్రాగ్ ఫ్లిక్‌తో గోల్‌గా మలిచే పని ఎక్కువగా డిఫెండర్లదే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అందరికన్నా ఎక్కువగా 10 గోల్స్ కొట్టిన హర్మన్‌ప్రీత్ సింగ్ ఫార్వర్డ్ కాదు, డిఫెండర్.