మెయిడెన్‌హెడ్: నది, వంతెన, రైలు

లండన్‌కు పశ్చిమాన, బర్క్‌షైర్‌లో, థేమ్స్ నది పడమటి ఒడ్డున ఉన్న పట్టణం మెయిడెన్‌హెడ్. దీని చరిత్రను నది కన్నా నదిని దాటే మార్గమే ఎక్కువగా నిర్ణయించింది. 13వ శతాబ్దిలో నిర్మించిన కొయ్య వంతెన లండన్–బాత్ రహదారిని ఈ ఊరి మీదుగా మళ్లించింది. సత్రాలు, గుర్రపు బండ్ల మజిలీలు ప్రజలకు జీవనాధారమయ్యాయి. 1777లో రాతి వంతెన వెలసింది. దానిపై సుంకం వసూలు 1903 వరకు సాగింది.

1838లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే నది తూర్పు గట్టుకు చేరింది. మరుసటి ఏడాది, 128 అడుగుల చొప్పున విస్తరించిన రెండు ఇటుక కమానులతో బ్రునెల్ నిర్మించిన వంతెన మీదుగా నదిని దాటింది. బండ్ల వ్యాపారం క్షీణించింది. లండన్‌లో ఉద్యోగం, నదీతీరంలో నివాసం అనే జీవనరీతి క్రమంగా స్థిరపడింది. 2022లో ఎలిజబెత్ లైన్ రైళ్లు లండన్ నడిబొడ్డుకు నేరుగా నడవసాగాయి.

అయితే పట్టణంలో కొంత భాగం వరద మైదానంలోనే ఉంది. 1947 వరద ఈ ప్రాంతాన్ని ముంచెత్తింది. 2002లో 11.6 కి.మీ. పొడవైన ‘జూబిలీ రివర్’ అనే వరద కాలువ ప్రారంభమైంది. ఎగువ పట్టణాలకు రక్షణనిచ్చే ఈ కాలువ దిగువ గ్రామాలకు ముప్పు పెంచుతోందన్న విమర్శ 2014 వరదల తర్వాత బలపడింది. వంతెనలు ఈ పట్టణాన్ని రాజధానికి దగ్గర చేశాయి. నదీతీర నివాసానికి మూల్యం ఎవరు చెల్లించాలన్న ప్రశ్నను మాత్రం అవి పరిష్కరించలేదు.