కొండనాలుక చెప్పే కబురు

నిద్రలో ఊపిరి ఆగే జబ్బుతో పళ్ల డాక్టర్లకు సంబంధం ఎలా కుదిరిందంటే, దవడను ముందుకు జరిపే పరికరాలతోనే అని రాస్తుంటారు. అది చికిత్స చరిత్ర. జబ్బును పసిగట్టే చరిత్ర వేరు. దాని మూలాలు ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నాయని నా అభిప్రాయం.

తొలి ఘట్టాలు తెలిసినవే. 1965లో ఫ్రాన్స్, జర్మనీ పరిశోధకులు నిద్రలో శ్వాస ఆగడాన్ని నమోదు చేశారు. 1981లో సిడ్నీలో కాలిన్ సలివాన్ బృందం ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ చికిత్సను ప్రకటించింది. నాలుకను, దవడను పట్టి ఉంచే పరికరాలూ ఆ దశాబ్దంలోనే వచ్చాయి.

ఆగి చూడవలసింది 1985ను. గుంటూరు వైద్య కళాశాలలో చదివి బోస్టన్‌లో మత్తు డాక్టరుగా పనిచేస్తున్న మల్లంపాటి శేషగిరిరావు 210 మందిపై చేసిన అధ్యయనం ఆ ఏడాదే వెలువడింది. రోగిని కూర్చోబెట్టి, నోరు బాగా తెరిచి నాలుక చాపమన్నారు. కొండనాలుక, దానికి అటూ ఇటూ ఉండే మడతలు, మెత్తని అంగిలి కనిపిస్తే మొదటి తరగతి. నాలుక మొదలు కొండనాలుకను కప్పేస్తే రెండు. మెత్తని అంగిలి ఒక్కటే కనిపిస్తే మూడు. ఆయన వెతికింది గురక మూలాన్ని కాదు, ఎవరి గొంతులో గొట్టం వేయడం కష్టమవుతుందన్నది. 1987లో శాంసూన్, యంగ్ నాలుగో తరగతి చేర్చారు. 1999లో ఫ్రీడ్‌మన్ నాలుకను లోపలే ఉంచి చూసే పద్ధతిని నిద్ర జబ్బుకు అన్వయించారు. 2008లో టొరంటోలో ఫ్రాన్సెస్ చుంగ్ బృందం కూర్చిన ఎనిమిది ప్రశ్నల స్టాప్‌-బ్యాంగ్ జాబితా కూడా శస్త్రచికిత్సకు ముందు అడగడానికి పుట్టిందే.

ఈ వాదనకు హద్దూ ఉంది. కొండనాలుక చక్కగా కనిపించేవారికీ ఈ జబ్బు ఉండవచ్చు. నోరు చూడటం అనుమానానికి ఆధారమే గాని నిర్ధారణ కాదు.

2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ కూడా ఇదే గీత గీసింది: అనుమానించి పంపడం దంతవైద్యుల పని, నిర్ధారణ వైద్యుడిది. లక్షణాలు లేని పెద్దలందరినీ జల్లెడ పట్టడానికి ఆధారాలు చాలవని 2022లో అమెరికా నివారణ సేవల నిపుణుల బృందం చెప్పింది. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. కాని గురక పెడుతూ, పగలు కునికిపాట్లు పడేవారిని అడగడం వేరు.

నిద్ర పరీక్ష లేకుండానే గురకకు పరికరం అమర్చడం మాత్రం తప్పు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే అది: చప్పుడు తగ్గవచ్చు, ఊపిరి ఆగడం తగ్గకపోవచ్చు.

మీ గురక మీకు వినపడదు. పక్కన పడుకునేవారిని అడిగి, ఈసారి పళ్ల డాక్టరుకు ఆ సంగతి చెప్పండి.